పదే పదే దావాలు వేసేవారిని న్యాయస్థానాలు ఎలా అదుపు చేస్తాయి?

న్యాయస్థానం తలుపు తట్టే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. ధనికుడికీ పేదవాడికీ, చదువుకున్నవాడికీ చదువులేనివాడికీ ఆ హక్కు సమానమే. అయితే ఆ హక్కునే ఆయుధంగా మలచుకొని, ఒకసారి తేలిపోయిన వివాదాన్ని కొత్త పేరుతో, కొత్త కోర్టులో మళ్లీ మళ్లీ లేవనెత్తేవారూ ఉన్నారు. ఎదుటివారిని విసిగించడం, భయపెట్టడం, ఏదో ఒక రాజీకి ఒప్పించడం తప్ప ఇలాంటి వ్యాజ్యాలకు వేరే లక్ష్యం కనిపించదు.

ఇటువంటివారి విషయంలో న్యాయస్థానాలు ఏం చేయగలవు? మరొక దావా వేయకుండా ఒక మనిషిని పూర్తిగా ఆపగలవా? ఆపితే, రేపు అతనికి నిజంగానే అన్యాయం జరిగినప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నలకు మన చట్టాలు, తీర్పులు ఇచ్చిన సమాధానాలను పరిశీలిద్దాం.

దావాయే శిక్షగా మారితే

దావాలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని మన సామెత. పసలేని వ్యాజ్యంలో చిక్కుకున్న ప్రతివాదికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఆ దావా చివరికి కొట్టివేతకు గురికావచ్చు. కానీ అప్పటివరకు వాయిదాలకు తిరగాలి, వకీలుకు ఫీజు చెల్లించాలి, పని దినాలు పోగొట్టుకోవాలి.

భూమి వివాదాలలో ఈ బాధ మరింత తీవ్రం. ఆస్తి బదిలీ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఒక స్థిరాస్తిపై హక్కు గురించిన దావా నడుస్తున్నప్పుడు దానిని ఎవరికైనా అమ్మితే, కొన్నవారు కూడా ఆ దావా ఫలితానికి కట్టుబడవలసిందే. నిజమైన హక్కుదారును కాపాడడానికి వచ్చిన నియమమిది. అయితే దీనినే అడ్డుపెట్టుకుని, ఏ ఆధారమూ లేకుండా ఒక దావా వేసి పడేస్తే చాలు, ఆ భూమిని కొనడానికి ఎవరూ ముందుకు రారు. బిడ్డ పెళ్లికో, వైద్యానికో ఆ భూమిని అమ్ముకోవలసిన కుటుంబం చేతులు కట్టుకొని కూర్చోవలసి వస్తుంది. దావా వేసిన వ్యక్తికి గెలుపు అవసరం లేదు. దావా నడుస్తూ ఉంటే చాలు.

నష్టం ప్రతివాదితోనే ఆగదు. దేశంలోని జిల్లా, తాలూకా స్థాయి న్యాయస్థానాలలోనే 4 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. పసలేని ప్రతి పిటిషనూ తన వంతు కోసం ఎదురుచూస్తున్న మరొక నిజమైన కక్షిదారు సమయాన్ని తినేస్తుంది.

ఓడిన ప్రతి దావా పసలేనిది కాదు

ఇక్కడ ఒక స్పష్టత అవసరం. దావా ఓడిపోవడం వేరు, దావా నిరాధారం కావడం వేరు. ప్రతి వివాదంలోనూ ఒకరు ఓడిపోక తప్పదు. ఓడినవారందరూ న్యాయస్థానాన్ని దుర్వినియోగం చేసినట్లు కాదు. తీర్పు నచ్చక పై కోర్టుకు అప్పీలు చేసుకోవడం కూడా చట్టం ఇచ్చిన హక్కే.

చట్టం అదుపు చేయదలచింది వేరే రకం వ్యాజ్యాలను. సహేతుకమైన కారణమేదీ లేకపోవడం ఒక లక్షణం. ఎదుటివారిని వేధించాలన్న ఉద్దేశం వ్యాజ్యంలోనే కనిపించడం రెండవది. దానినొక అలవాటుగా కొనసాగించడం మూడవది. మొదటి రెండూ ఉంటే న్యాయస్థానం ఆ ఒక్క దావాపై చర్య తీసుకుంటుంది. మూడవది కూడా తోడైతే ఆ వ్యక్తిపైనే ఆంక్ష విధించే ఆలోచన మొదలవుతుంది.

తొలి మెట్టు: ఆదిలోనే తిరస్కరణ

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 7వ ఆర్డర్, 11వ రూల్ ఈ విషయంలో న్యాయమూర్తి చేతిలో ఉన్న మొదటి సాధనం. దావా పత్రాన్ని చదివినప్పుడు అందులో దావా వేయడానికి తగిన కారణమే కనిపించకపోయినా, ఏదైనా చట్టం ఆ దావాను నిషేధిస్తున్నా, విచారణ వరకు వెళ్లకుండానే ఆ పత్రాన్ని తిరస్కరించవచ్చు.

1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును న్యాయస్థానాలు ఈ సందర్భంలో నేటికీ ఉదహరిస్తుంటాయి. ఇల్లు ఖాళీ చేయాలన్న ఉత్తర్వు పై కోర్టులలో ఖరారైన తరువాత కూడా, దానిని తప్పించుకోవడానికి మరొక దావా దాఖలైంది. ఆ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కింది కోర్టుల న్యాయమూర్తులకు గట్టి సూచన చేశారు. దావా పత్రంలోని మాటల చాతుర్యానికి లోబడకుండా, దానిని అర్థవంతంగా చదవాలని, బూటకపు వ్యాజ్యమని తేలితే మొదటి విచారణలోనే తుంచివేయాలని చెప్పారు.

అయితే ఈ సాధనానికి ఒక పరిమితి ఉంది. 11వ రూల్ కింద న్యాయమూర్తి వాది రాసుకున్న దావా పత్రాన్ని, దానితో జతపరచిన పత్రాలనే చూస్తారు. ప్రతివాది చెప్పే సమాధానాన్ని ఆ దశలో పరిగణనలోకి తీసుకోరు. అందువల్ల పాత దావా సంగతిని దాచిపెట్టి, తెలివిగా రాసిన పత్రం ఈ గడపను దాటిపోవచ్చు.

దానిని తరువాతి గడప దగ్గర ఆపడానికి అదే కోడ్‌లోని 11వ సెక్షన్ ఉంది. అవే పక్షాల మధ్య, అదే అంశంపై అధికారం గల న్యాయస్థానం ఒకసారి తుది నిర్ణయం చేస్తే, ఆ అంశాన్ని తిరగదోడడానికి వీలులేదన్నది దాని సారాంశం. న్యాయ పరిభాషలో దీనిని రెస్ జుడికేటా అంటారు. కానీ ఒక దావాకు ఈ నిషేధం వర్తిస్తుందో లేదో తేల్చాలంటే పాత దావాలోని వాదనలను, అంశాలను, తీర్పును పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. కాబట్టి సాధారణంగా 7వ ఆర్డర్ కింద దావా పత్రాన్ని తిరస్కరించే దశలో ఈ ప్రశ్నను తేల్చలేమని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. మళ్లీ వేసిన దావా అని ప్రతివాదికి మొదటిరోజే తెలిసినా, అది కొట్టివేతకు గురికావడానికి సమయం పట్టడానికి ఇదొక కారణం.

వాస్తవాలను దాచిపెట్టినట్లు బయటపడితే మాత్రం పరిణామాలు తీవ్రంగానే ఉంటాయి. న్యాయస్థానాన్ని మోసగించి పొందిన డిక్రీ చెల్లదని, న్యాయస్థానానికి వచ్చేవారు చేతులు శుభ్రంగా ఉంచుకొని రావాలని, అసత్యం మీద నిలబడిన వ్యాజ్యాన్ని ఏ దశలోనైనా తోసిపుచ్చవచ్చని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండవ మెట్టు: ఖర్చుల భారం

వ్యాజ్యం వేయడానికి అయ్యే ఖర్చు తక్కువ, ఓడితే పడే భారం ఇంకా తక్కువ అయితే, ఎవరూ వెనుకాడరు. అందుకే అబద్ధపు, వేధింపు వాదనలు చేసినవారి నుంచి ఎదుటి పక్షానికి పరిహారంగా ఖర్చులు ఇప్పించే అధికారాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 35ఎ సెక్షన్ న్యాయస్థానాలకు ఇచ్చింది. కానీ ఆ సెక్షన్‌లో ఉన్న గరిష్ఠ పరిమితి 3,000 రూపాయలు మాత్రమే. 1976 నాటి సవరణలో పెట్టిన ఆ మొత్తం ఈనాడు ఒకటి రెండు వాయిదాల ప్రయాణ ఖర్చుకైనా చాలకపోవచ్చు.

ఈ లోపాన్ని సుప్రీంకోర్టు అనేకసార్లు ఎత్తిచూపింది. గెలిచినవారికి ఇప్పించే ఖర్చులు నామమాత్రంగా కాక వాస్తవానికి దగ్గరగా ఉండాలని, కోర్టు ఫీజు, వకీలు ఫీజులతో పాటు వెచ్చించిన సమయం, ప్రయాణం, బస వంటివి కూడా లెక్కలోకి రావాలని 2005లో చెప్పింది. వాణిజ్య న్యాయస్థానాల చట్టం 2015లో వచ్చినప్పుడు, వాణిజ్య వివాదాలకు సంబంధించినంతవరకు ఆ 3,000 రూపాయల పరిమితిని తొలగించారు. నిరర్థకమైన వాదనలు చేశారా, సహేతుకమైన రాజీ ప్రతిపాదనను కాదన్నారా అన్న అంశాలను కూడా ఖర్చులు నిర్ణయించేటప్పుడు చూడాలన్నారు. పెద్ద కంపెనీల వివాదాలకు వర్తించే ఈ పద్ధతి, గ్రామంలో గట్టు తగాదాకు మాత్రం ఇంకా వర్తించడం లేదు.

అబద్ధపు దావా నేరం కూడా కావచ్చు. ఎదుటివారికి హాని చేయాలనో, వేధించాలనో తెలిసి తెలిసి తప్పుడు క్లెయిమును న్యాయస్థానంలో వేయడం భారతీయ న్యాయ సంహిత 246వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్షకు, జరిమానాకు దారితీస్తుంది. తప్పుడు సాక్ష్యానికీ, తప్పుడు నేరారోపణకూ వేరే సెక్షన్లు ఉన్నాయి. అయితే కోర్టు వ్యవహారంలో భాగంగా జరిగిన ఇటువంటి నేరాలపై ఎదుటి పక్షం నేరుగా కేసు పెట్టడానికి వీలులేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 379వ సెక్షన్ ప్రకారం న్యాయస్థానమే ప్రాథమికంగా పరిశీలించి ఫిర్యాదు చేయాలి. అక్రమంగా బనాయించిన క్రిమినల్ కేసులను కొట్టివేసే ప్రత్యేకాధికారం అదే సంహితలోని 528వ సెక్షన్ కింద హైకోర్టులకు ఉంది.

మూడవ మెట్టు: అనుమతి ఉంటేనే దావా

ఇప్పటివరకు చెప్పుకున్నవన్నీ ఒక్కొక్క కేసుకు మందు. ఒకే వ్యక్తి పది కోర్టులలో ఇరవై కేసులు వేస్తే ఏం చేయాలి? ఈ ప్రశ్న మొదట ఇంగ్లండులో తలెత్తింది. అక్కడ ఒక న్యాయవాది యువరాజుతో సహా పలువురు ప్రముఖులపై 40కి పైగా వ్యాజ్యాలు వేయడం 1896లో ప్రత్యేక చట్టానికి దారితీసింది. అలవాటుగా వేధింపు వ్యాజ్యాలు వేసేవారు ఇకపై హైకోర్టు అనుమతి లేకుండా కొత్త వ్యాజ్యం వేయరాదని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆ చట్టంతో వచ్చింది.

మన దేశంలో ఈ బాట పట్టిన తొలి రాష్ట్రం నాటి ఉమ్మడి మద్రాసు. 1949లో ఆ రాష్ట్రం వేధింపు వ్యాజ్యాల నిరోధక చట్టాన్ని చేసింది. ఆంధ్ర ప్రాంతం అప్పటికి మద్రాసులోనే ఉన్నందున ఆ చట్టం ఇక్కడికీ వచ్చింది. దాని పద్ధతి ఇలా ఉంటుంది. ముందుగా అడ్వకేట్ జనరల్ హైకోర్టుకు దరఖాస్తు చేయాలి. సదరు వ్యక్తి అలవాటుగా, సహేతుకమైన కారణం లేకుండా, సివిల్ లేదా క్రిమినల్ వేధింపు వ్యాజ్యాలు వేస్తున్నాడని హైకోర్టు తృప్తి చెందాలి. అతని వాదన వినాలి. ఆ తరువాతే ఉత్తర్వు వెలువడుతుంది. అప్పటినుంచి అతడు రాజధాని నగరంలో దావా వేయాలంటే హైకోర్టు అనుమతి, ఇతర చోట్ల వేయాలంటే జిల్లా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలి. పైకి చూస్తే కారణం ఉన్నదనిపిస్తే అనుమతి ఇస్తారు. అనుమతి లేకుండా వేసిన వ్యాజ్యాన్ని కొట్టివేస్తారు.

ఈ చట్టం రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టు 1965లో పరీక్షించింది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లింది. అడ్వకేట్ జనరల్ దరఖాస్తుపై, హైకోర్టు ఒక వ్యక్తిని హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలో తన అనుమతి లేకుండా వ్యాజ్యాలు వేయరాదని ఆదేశించింది. ఈ చట్టం పౌరహక్కులకు విరుద్ధమన్న వాదనను సుప్రీంకోర్టు అంగీకరించలేదు. న్యాయస్థానానికి వెళ్లే హక్కును చట్టం తీసివేయడం లేదని, ఎదుటి పక్షాన్ని ఇబ్బంది పెట్టకముందే వాదనలోని నిజాయితీని పరీక్షించే ఏర్పాటు మాత్రమే చేసిందని వివరించింది.

అయినా ఆ వ్యక్తిపై ఉత్తర్వు మాత్రం నిలవలేదు. 1949 నాటి మద్రాసు చట్టం ఆంధ్ర ప్రాంతానికి వర్తిస్తుందే గాని, 1956లో కలిసిన తెలంగాణ ప్రాంతానికి దానంతట అది వర్తించదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. ఒకే రాష్ట్రం, ఒకే హైకోర్టు అయినా, చట్టం మాత్రం సగం రాష్ట్రానికే పరిమితమైంది. వేధింపు వ్యాజ్యాలు వేసేవారికి ఎల్లలు లేవు, వారిని అదుపు చేసే చట్టాలకు మాత్రం ఉన్నాయన్న సంగతి ఆ తీర్పుతో స్పష్టమైంది.

తరువాత 1971లో మహారాష్ట్ర ఇటువంటి చట్టం చేసింది. జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన లా కమిషన్ 2005లో సమర్పించిన 192వ నివేదిక ఈ అంశానికే కేటాయించబడింది. రాష్ట్రానికొక తీరుగా కాక, దేశమంతటికీ వర్తించే చట్టం కావాలని అది సిఫారసు చేసింది. ముసాయిదా బిల్లునూ జతపరచింది. ఆ కేంద్ర చట్టం ఇప్పటికీ రాలేదు.

ప్రజల పేరిట వేసే పిటిషన్లు

సొంత తగాదాలు ఒక ఎత్తు, ప్రజాప్రయోజన వ్యాజ్యాలు మరొక ఎత్తు. 1979లో బీహారు జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న ఖైదీల సంగతి సుప్రీంకోర్టుకు చేరింది ఇటువంటి పిటిషన్ ద్వారానే. తమంతట తాము కోర్టుకు రాలేనివారి కోసం తెరచిన ఆ ద్వారం గుండా కీర్తికాంక్షతో, వ్యాపార స్పర్ధతో, రాజకీయ కక్షతో వచ్చేవారూ చేరారు.

పిటిషనర్ ఎవరో, పిటిషన్‌లోని విషయం ప్రాథమికంగా నిజమో కాదో, దాని వెనుక సొంత లాభమేదైనా ఉన్నదో లేదో ముందే పరిశీలించాలని 2010 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. దురుద్దేశంతో వేసినవారిపై గుణపాఠంగా ఉండేలా ఖర్చులు విధించాలని చెప్పింది. సుప్రీంకోర్టు నియమావళి ప్రకారం, సహేతుక కారణం కనిపించని, పసలేని పిటిషన్‌ను రిజిస్ట్రార్ స్థాయిలోనే తిరస్కరించవచ్చు. దానిపై పిటిషనర్ 15 రోజులలో న్యాయమూర్తుల ముందుకు వెళ్లవచ్చు.

2017లో సురాజ్ ఇండియా ట్రస్ట్ విషయంలో సుప్రీంకోర్టు ఒక అడుగు ముందుకు వేసింది. వివిధ న్యాయస్థానాలలో 64 వ్యాజ్యాలు వేసి ఒక్కదానిలోనూ సఫలం కాని ఆ సంస్థపై 25 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ఇకపై ప్రజాప్రయోజనం పేరిట ఏ న్యాయస్థానంలోనూ వ్యాజ్యం వేయరాదని ఆదేశించింది. ప్రత్యేక చట్టం లేకున్నా ఉన్నత న్యాయస్థానాలు తమ సహజాధికారంతో ఇటువంటి ఉత్తర్వు ఇవ్వగలవనడానికి ఇది ఉదాహరణ.

గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం సులభమైన ప్రశ్న కాదు. 5జీ టెలికాం సేవలకు వ్యతిరేకంగా నటి జూహీ చావ్లా, మరి ఇద్దరు వేసిన దావాపై ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2021 జూన్‌లో 20 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. 2022 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని 2 లక్షలకు తగ్గించి, ఆమెపై చేసిన వ్యాఖ్యలను తొలగించింది. ఒకే దావాను రెండు ధర్మాసనాలు రెండు తీరులుగా చూశాయి.

బలవంతులు వేసే దావాలు

వేధింపు వ్యాజ్యం అనగానే మనకు సంచీనిండా కాగితాలు పెట్టుకొని కోర్టుల చుట్టూ తిరిగే ఒంటరి మనిషి గుర్తుకు వస్తాడు. కానీ డబ్బూ, న్యాయవాదుల బలగమూ ఉన్నవారు వేసే దావాలు అంతకంటే బలంగా దెబ్బతీస్తాయి. తమపై వార్త రాసిన పత్రికను, ప్రశ్నించిన ఉద్యమకారుడిని పరువునష్టం దావాలతో నోరు మూయించే ప్రయత్నాలు ప్రపంచమంతటా ఉన్నాయి. 2024 మార్చిలో ఒక వార్తాసంస్థ కథనానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని ప్రస్తావించింది. పూర్తి విచారణ జరగకుండానే కథనాల ప్రచురణను నిలిపివేసే మధ్యంతర ఉత్తర్వులను అరుదైన సందర్భాలలోనే ఇవ్వాలని హెచ్చరించింది.

ప్రభుత్వాలకూ ఇందులో మినహాయింపు లేదు. దేశంలో అతిపెద్ద కక్షిదారు ప్రభుత్వమే. తేలిపోయిన అంశంపై యాంత్రికంగా అప్పీళ్లు వేసే శాఖల తీరును సుప్రీంకోర్టు పలుమార్లు తప్పుపట్టింది. పింఛను కోసం తిరుగుతున్న విశ్రాంత ఉద్యోగికి, ఆ అప్పీలు వేసింది వ్యక్తి అయినా, శాఖ అయినా, జరిగే ఆలస్యం ఒక్కటే.

ప్రతివాది ఏం చేయవచ్చు?

పసలేని దావాలో చిక్కుకున్నవారికి చట్టంలో కొన్ని రక్షణలు ఉన్నాయి. తమపై దావా వేయబోతున్నారని ముందే తెలిస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద సంబంధిత న్యాయస్థానంలో కేవియట్ దాఖలు చేయవచ్చు. తమకు తెలియకుండా ఏకపక్షంగా మధ్యంతర ఉత్తర్వు వెలువడకుండా అది 90 రోజులపాటు కాపాడుతుంది. గడువు తీరిన తరువాత మళ్లీ వేసుకోవచ్చు.

పాత దావాల తీర్పుల, డిక్రీల ధ్రువీకృత నకళ్లను భద్రపరచుకోవడం అత్యవసరం. అదే అంశం ఇదివరకే తేలిపోయిందని నిరూపించేవి అవే. దావా పత్రంలోనే లోపం కనిపిస్తే 7వ ఆర్డర్ కింద తిరస్కరణ కోరుతూ తొలి దశలోనే దరఖాస్తు వేయాలి. అయిన ఖర్చుల లెక్కను కాగితంపై చూపి, ఖర్చులు ఇప్పించమని స్పష్టంగా అడగాలి. అడగనివారికి ఖర్చులు దక్కడం అరుదు. న్యాయవాదిని పెట్టుకోలేనివారు న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ సహాయ కేంద్రం నంబరు 15100.

తలుపు మూయకుండా కాపలా

ఈ చట్టాలనూ తీర్పులనూ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఎంతగా విసిగించినవాడికైనా సొంత హక్కు కోసం న్యాయస్థానానికి వచ్చే దారిని చట్టం శాశ్వతంగా మూసివేయలేదు. 1949 నాటి చట్టం కూడా అతనిని అడిగింది ఒక్కటే: లోపలికి వచ్చేముందు, నీ మాటలో పస ఉందని ఒక న్యాయమూర్తికి చూపించు. సహేతుకమైన కారణం ఉన్నవాడికి ఆ అనుమతి దొరుకుతుంది.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. భూమి కోల్పోయి, ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి, చివరకు పిటిషన్ మీద పిటిషన్ వేసే పేదవాడు కూడా పైకి చూస్తే విసిగించేవాడిలాగే కనిపిస్తాడు. ఇద్దరికీ తేడా కాగితాల సంఖ్యలో ఉండదు, అందులోని కారణంలో ఉంటుంది. దానిని చదివి తెలుసుకోవడానికి న్యాయమూర్తికి సమయం కావాలి. పసలేని వ్యాజ్యాలు అన్నిటికంటే ముందు హరించేది ఆ సమయాన్నే. దేశమంతటికీ ఒకే తీరుగా వర్తించే చట్టం, వాస్తవానికి దగ్గరగా ఉండే ఖర్చులు అవసరమన్న సిఫారసులు రెండు దశాబ్దాలుగా పరిశీలనకు ఎదురుచూస్తూనే ఉన్నాయి.